వీధిలో నెలల తరబడి కదలని కారు: ఎవరు తీయాలి, ఎంతసేపటికి టో చేయొచ్చు?

మామిడితోట
మా వీధి సన్నది. ఎదురింటి ప్రహరీ పక్కన ఒక పాత తెల్ల కారు నెలల తరబడి అలాగే పడి ఉంది. నాలుగు టైర్లలో గాలి దిగిపోయి రిమ్ములు నేలకి ఆనుతున్నాయి. వైపర్ల కింద వేపాకులు కుళ్ళి నల్లగా ముద్దకట్టాయి. వెనక అద్దం పగిలి సీటు మీద వాన నీళ్ళు నిలిచి దోమలు. చెత్త బండి లోపలికి రాలేక వీధి మొదట్లోనే ఆగిపోతోంది. మొన్న పక్కింటి తాతగారికి ఆయాసం వస్తే అంబులెన్స్ లోపలికి రాలేక స్ట్రెచర్ మీద వీధి చివరి దాకా మోసుకెళ్ళారు. స్టేషన్‌లో అడిగితే మున్సిపాలిటీకి వెళ్ళమన్నారు. మున్సిపాలిటీలో అడిగితే బండి కాబట్టి పోలీసుల పని అన్నారు. కాళ్ళరిగేలా తిరుగుతున్నాం. అసలు రూల్ ఏంటి? వీధిలో అందరం తలా కొంత వేసుకుని క్రేన్ పిలిపిస్తే తప్పా?

సెకండ్_గేర్
పిలిపించేయండి. ఊరి బయట ఖాళీ స్థలంలో దింపేసి రమ్మనండి. ఇన్నాళ్ళూ రానివాడు ఇప్పుడు వచ్చి అడుగుతాడా?

సెక్షన్_సుబ్బు
సెకండ్_గేర్ గారి సలహా మాత్రం పాటించకండి. అడగడనుకున్నవాడే వస్తాడు, వచ్చి కారులో లాప్‌టాప్ ఉండేదంటాడు. అప్పుడు సమాధానం చెప్పుకోవాల్సింది మీరు.

రూల్ చాలా స్పష్టంగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 127. పబ్లిక్ ప్లేస్‌లో బండిని వదిలేసినా, మనిషి లేకుండా పది గంటలు, ఆపైన ఉంచినా, లేదా పార్కింగ్ నిషేధించిన చోట పెట్టినా, దాన్ని టో చేయించే అధికారం, చక్రానికి క్లాంప్ (కదలకుండా బిగించే ఇనప తాళం) వేయించే అధికారం ఆ ఏరియా పోలీసు అధికారికి ఉంది. యూనిఫాంలో ఉన్న అధికారి అని చట్టంలోనే రాశారు. అంటే కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంట్ కాదు, క్రేన్ ఓనర్ కాదు, ఎదురింటాయన కాదు.

అదే సెక్షన్‌లో రెండో భాగం మీకు ఇంకా బాగా పనికొస్తుంది. వదిలేసిన, విరిగిన, కాలిన, సగం విప్పేసిన బండి ట్రాఫిక్‌కి ప్రమాదంగానో అడ్డంగానో ఉంటే పది గంటలు కూడా ఆగక్కర్లేదు, వెంటనే తీయించొచ్చు. మూడో భాగం ప్రకారం టోయింగ్ ఖర్చంతా ఓనర్‌దే, ఫైన్ వేరే. కాబట్టి మీరు తలా కొంత వేసుకోవాల్సిన పనే లేదు.

నాలుగో_అంతస్తు
పది గంటలా?! రాత్రి తొమ్మిదింటికి పెట్టి పొద్దున ఏడింటికి తీస్తే పది గంటలు అయిపోతాయి. మా అపార్ట్‌మెంట్‌లో ముప్పావు వంతు కార్లు వీధిలోనే పడుకుంటాయి. మేమంతా నేరస్తులమా?

సెక్షన్_సుబ్బు
కంగారు పడకండి. పది గంటలు దాటితే టో "చేయొచ్చు" అని ఉంది, చేసి తీరాలని లేదు. ఎవరికీ అడ్డం లేకుండా గోడ వారగా పెట్టి రోజూ తీసే కారు జోలికి మామూలుగా ఎవరూ రారు. ఫిర్యాదు వచ్చిన బండి, అడ్డంగా ఉన్న బండి, దుమ్ము పట్టి వదిలేసినట్టు కనిపించే బండి, వీటి మీదే ఆ అధికారం వాడతారు. కానీ వాడితే మాత్రం "పది గంటలేనా" అని వాదించడానికి మీకు పెద్దగా ఆస్కారం ఉండదు.

తూనీగ
అదే నాకు నచ్చనిది. అందరికీ వర్తించే రూల్ పెట్టి కొందరి మీదే వాడితే, ఎవరి మీద వాడాలో తేల్చేది ఎవరు? వీధిలో పలుకుబడి ఉన్నవాడు ఫోన్ చేస్తే కొత్తగా అద్దెకొచ్చినవాడి కారు పోతుంది. పలుకుబడి ఉన్నవాడి డొక్కు జీపు మాత్రం అక్కడే ఉంటుంది.

పగటిచుక్క
తూనీగ చెప్పింది అక్షరాలా నిజం. మా వీధిలో ఆ జీపు ఉంది.

రిటైర్డ్_ట్రాఫిక్
ఈ పని చాలా ఏళ్ళు చేసినవాడిగా చెబుతున్నా. మామిడితోట గారూ, మిమ్మల్ని తిప్పడానికి కారణం నాకు తెలుసు. పాడుబడ్డ బండిని ముట్టుకోవాలంటే స్టేషన్‌కి మూడు భయాలు. ఒకటి, అది దొంగిలించిన బండి కావచ్చు. రెండు, ఏదో కేసులో సాక్ష్యం కావచ్చు. మూడు, తీసుకెళ్తే పెట్టడానికి చోటు లేదు. స్టేషన్ ఆవరణలు ఇప్పటికే తుప్పు బళ్ళతో నిండి ఉంటాయి, మీరూ చూసే ఉంటారు.

మొదటి భయం తీర్చడం తేలిక. నంబర్ ప్లేట్ ఉంటే ప్రభుత్వ రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో కొట్టండి. ఓనర్ పూర్తి పేరు కనిపించదు, కానీ రిజిస్ట్రేషన్ బతికి ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పుడు అయిపోయింది, ఏ ఆర్టీఓ ఆఫీసు అన్నది తెలుస్తుంది. ప్లేట్ లేకపోతే ఛాసిస్ నంబర్‌తో స్టేషన్ వాళ్ళు చూసుకుంటారు. పోయిన బళ్ళు, దొరికిన బళ్ళ వివరాలకి ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాళ్ళ వాహన్ సమన్వయ్ అనే వ్యవస్థ ఉంది.

ఫిర్యాదు నోటి మాటగా ఇవ్వకండి. కాగితం మీద రాసి, ఫోటోలు పెట్టి, రసీదు తీసుకోండి. ఫోటోలో వీధి మొత్తం వెడల్పు, కారు, మిగిలిన సందు మూడూ కనబడాలి. టేప్ పట్టుకుని ఆ సందు ఎన్ని అడుగులో కొలిచి రాయండి. "ఇబ్బందిగా ఉంది" అని రాస్తే ఫైల్‌లో పడి ఉంటుంది. "ఏడడుగులే మిగిలింది, అంబులెన్స్ పట్టలేదు" అని రాస్తే దాని మీద సంతకం పెట్టే అధికారికి వెన్నులో చలి పుడుతుంది.

మామిడితోట
టేప్ ఆలోచన మాకెవరికీ రాలేదు. సాయంత్రం కొలుస్తాం.

కొండపల్లి_బొమ్మ
మాది కదలని కారు సమస్య కాదు, కదిలే కార్ల సమస్య. మా గేటుకి అడ్డంగా రోజుకొకరు పెడతారు. అత్తయ్య వీల్‌చెయిర్‌లో ఉంటారు, డయాలసిస్‌కి టైముకి బయల్దేరాలి. గేటు మీద "నో పార్కింగ్, టైర్లలో గాలి తీయబడును" అని బోర్డు పెట్టాం. ఒకాయన ఆ బోర్డు కిందే పెట్టి, "బోర్డు మీరు పెట్టుకున్నది, గవర్నమెంట్‌ది కాదు" అని వెళ్ళిపోయాడు. అతను చెప్పింది కరెక్టా?

సెక్షన్_సుబ్బు
బోర్డు విషయంలో కరెక్టే. ట్రాఫిక్ బోర్డులు పెట్టే అధికారం సెక్షన్ 116 ప్రకారం ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చిన సంస్థకే ఉంది. ఇంటివాళ్ళు పెట్టుకున్న బోర్డుకి చట్టబలం లేదు. గాలి తీయడానికి అసలే లేదు, దయచేసి ఆ రెండో ముక్క చెరిపేయండి. ఎవరైనా ఫోటో తీస్తే మీకే చిక్కు.

కానీ పార్కింగ్ విషయంలో అతనిది తప్పే. బోర్డు ఉన్నా లేకపోయినా ఒక ఇంటి ప్రవేశానికి అడ్డంగా బండి పెట్టకూడదు. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనూ, అంతకు ముందున్న 1989 రూల్స్‌లోనూ అదే మాట. ఫుట్‌పాత్, జీబ్రా క్రాసింగ్, బస్‌స్టాప్, బడి, ఆసుపత్రి వాకిళ్ళు, ఫైర్ హైడ్రంట్, ఆగి ఉన్న ఇంకో బండి పక్కన రెండో వరస, ఇవన్నీ ఆ జాబితాలోవే. అలాంటి చోట పెట్టిన బండికి పది గంటల లెక్క అక్కర్లేదు. గేటు మూసేసిన మరుక్షణం నుంచి మీకు ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

కొండపల్లి_బొమ్మ
చాలా థాంక్స్. గాలి ముక్క ఇవాళే తుడిపించేస్తా.

సెకండ్_గేర్
అంటే గేటు ముందు జాగా మనదే కదా? మరి మా గేటు పక్కన గోడ ముందు వేరేవాళ్ళు పెడితే ఎందుకు తీయించకూడదు? మా ఇంటి ముందు మేం పూలకుండీలు, రెండు రాళ్ళు పెట్టుకున్నాం, ఎవరూ రారు.

నాలుగో_అంతస్తు
గోడ ముందున్నది రోడ్డండీ, మీ పెరడు కాదు. మీ గేటు మూయకూడదు, ఒప్పుకుంటా. కానీ గోడ పొడవునా మీదే అంటే ఎలా? మేమూ బండి కొన్నప్పుడు లైఫ్ టాక్స్ కట్టాం. ఆ రాళ్ళే అసలు ఆక్రమణ.

పగటిచుక్క
లైఫ్ టాక్స్ బండి నడపడానికి కట్టేది, రోడ్డు మీద నిద్రపుచ్చడానికి కాదు నాలుగో_అంతస్తు గారూ. మా అద్దెలో పార్కింగ్‌కి విడిగా నెలనెలా కడుతున్నాం. మీరు అదే జాగా ఉచితంగా వీధిలో తీసుకుంటున్నారు.

నాలుగో_అంతస్తు
ఉచితంగా తీసుకోవాలని సరదానా? మా బిల్డర్ ప్లాన్‌లో సెల్లార్ అంతా పార్కింగ్ అని చూపించాడు. కట్టాక అందులో సగం గోడౌన్‌కి ఇచ్చాడు. నా స్లాట్ నంబర్ రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంది, వెళ్ళి చూస్తే అక్కడ సిమెంట్ బస్తాలు ఉంటాయి. నేనెక్కడ పెట్టాలి?

తూనీగ
ఇదీ అసలు జబ్బు. వీధిలో కార్లు ఎందుకు నిలుస్తున్నాయో అడక్కుండా క్రేన్ల గురించి మాట్లాడితే రామాయణంలో పిడకల వేటే. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, జీవో 168, పార్కింగ్‌కి ఎంత జాగా వదలాలో చెప్పింది. ఆ జాగాని ఇంకో పనికి వాడకూడదు. సెల్లార్ గోడౌన్ అయితే మున్సిపల్ టౌన్ ప్లానింగ్ వాళ్ళకి ఫిర్యాదు చేయొచ్చు. మీ బిల్డింగ్‌లో వాళ్ళంతా కలిసి ఆ బస్తాలు ఖాళీ చేయిస్తే వీధిలో ఎన్ని కార్లు తగ్గుతాయో ఆలోచించండి.

నాలుగో_అంతస్తు
కలిసి రావాలి కదా. గోడౌన్ అద్దెలో అసోసియేషన్‌కి వాటా వస్తోందట. సరే, నేనొక్కణ్ణయినా రాసి ఇస్తా.

బే_ఏరియా_బుజ్జి
కాలిఫోర్నియాలో ఎలా ఉంటుందో చెబుతా. ఇక్కడ చాలా ఊళ్ళలో 72 గంటల రూల్. వీధిలో ఒకే చోట మూడు రోజులు కదలకుండా ఉంటే టో చేయొచ్చు, కారు కొత్తదైనా, రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉన్నా సరే. ఇండియాకి నెల రోజులు వెళ్ళేవాళ్ళు వీధిలో పెట్టి వెళ్ళి, తిరిగొచ్చేసరికి కారు లేక లబోదిబోమంటారు. టోయింగ్‌తో పాటు యార్డులో ఉన్న ప్రతి రోజుకీ స్టోరేజ్ ఛార్జీ పడుతుంది. నెలకి లెక్కేస్తే పాత కారు ధరని మించుతుంది.

కానీ ఒకటి బాగుంటుంది. తీసుకెళ్ళాక 48 గంటల్లోపు ఓనర్‌కి నోటీసు పంపాలి, ఎక్కడుందో, ఎందుకు తీశారో రాసి. ఆ నోటీసు తేదీ నుంచి పది రోజుల్లో విచారణ అడగొచ్చు. అడిగిన 48 గంటల్లో విచారణ పెట్టాలి, సెలవులు లెక్కలోకి రావు. తీయడం తప్పని తేలితే ఖర్చు తీయించినవాళ్ళదే. 2023లో ఇక్కడి అప్పీల్ కోర్టు ఇంకో మాట చెప్పింది. చట్టప్రకారం పార్క్ చేసిన కారుని కేవలం పాత చలానాలు బాకీ ఉన్నాయని వారంట్ లేకుండా టో చేయడం రాజ్యాంగ విరుద్ధం అని. శాన్ ఫ్రాన్సిస్కో కేసు అది.

తూనీగ
మనకి కావాల్సింది ఆ రెండో పేరా. తీసే అధికారం మన చట్టంలోనూ ఉంది. తీశాక ఓనర్‌కి ఎన్ని గంటల్లో చెప్పాలి, తప్పుగా తీస్తే ఎవరిని అడగాలి అన్నది సెక్షన్ 127లో ఒక్క ముక్క లేదు.

వానచినుకు
తూనీగ గారి మాట మా ఇంట్లో అనుభవమే. నాన్నకి గుండెనొప్పి వచ్చి రాత్రికి రాత్రి ఆసుపత్రిలో చేర్పించాం. కారు పక్క వీధిలో పెట్టి లోపలికి పరిగెత్తా. ఐసీయూ బయటే కూర్చుని కారు సంగతే మర్చిపోయాం. తర్వాత చూస్తే అక్కడ లేదు. దొంగలెత్తుకెళ్ళారనుకుని స్టేషన్‌కి వెళ్తే, టో చేశారని అక్కడ తెలిసింది. ఒక మెసేజ్ రాలేదు. రోడ్డు మీద చాక్‌పీస్‌తో రాస్తారంట, వానకి పోయిందన్నారు. ఆసుపత్రి కాగితాలు చూపిస్తే ఆ అధికారి మంచిగానే మాట్లాడారు, కానీ డబ్బు కట్టక తప్పలేదు. ముందు బంపర్ ఒకవైపు ఊడి వేలాడుతోంది. ఎవరిని అడగాలో తెలియలేదు.

కొండపల్లి_బొమ్మ
అయ్యో. నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?

వానచినుకు
ఆ తర్వాత కొన్నాళ్ళకి పోయారండీ.

కొండపల్లి_బొమ్మ
చాలా బాధగా ఉంది అమ్మా.

క్రేన్_హుక్
బంపర్ ఎలా ఊడుతుందో నేను చెబుతా, నేను టోయింగ్ బండి నడుపుతా. చిన్న కార్లు చాలావరకు ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. ముందు చక్రాలు ఎత్తి లాగితే వెనక చక్రాలు తిరుగుతూ వస్తాయి, ఏమీ కాదు. కానీ మీరు హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే వెనక చక్రాలు తిరగవు, రోడ్డు మీద ఈడ్చుకొస్తాయి. టైరు అరిగి వైర్లు బయటపడతాయి. అప్పుడు వెనక చక్రాల కింద చిన్న చక్రాల బండి పెట్టాలి, లేదా ఫ్లాట్ బెడ్ (కారు మొత్తం ఎక్కే బల్లపరుపు లారీ) మీదకి ఎక్కించాలి. తొందరలో ఉన్నవాడు ఈ రెండూ చేయడు. హుక్ తగిలించాల్సిన చోటు బంపర్ కాదు, దానికి వేరే పాయింట్ ఉంటుంది. కొత్త కుర్రాళ్ళకి ఎవరూ నేర్పరు.

ఫోర్ వీల్ డ్రైవ్, ఎలక్ట్రిక్, ఈ రెండూ నాలుగు చక్రాలూ నేల నుంచి లేచేలా ఫ్లాట్ బెడ్ మీదే పోవాలి. ఎలక్ట్రిక్ కారు చక్రాలు తిరిగితే మోటారు కూడా తిరిగి కరెంట్ పుట్టిస్తుంది, లోపల సామాను పాడవుతుంది.

ఇంకో మాట. మాలో కొందరికి బండికింత అని డబ్బులిస్తారు. ఎన్ని ఎత్తితే అంత. అలా ఉన్నన్నాళ్ళు అడ్డంగా ఉన్న లారీని వదిలేసి ఎత్తడానికి తేలికైన చిన్న కారునే ఎత్తుతారు. నాకు జీతం, అందుకే ధైర్యంగా చెబుతున్నా.

సెకండ్_గేర్
క్రేన్_హుక్ అన్నా, ఈ ముక్క బంగారం. దీన్ని పైన పిన్ చేయాలి.

రిటైర్డ్_ట్రాఫిక్
బండికింత అన్న పద్ధతే గొడవలకి మూలం. నేనూ ఒప్పుకుంటా. బెంగళూరులో టోయింగ్ సిబ్బంది దురుసుతనం మీద జనం తిరగబడితే 2022లో ప్రభుత్వం టోయింగ్‌నే ఆపేసింది. ఆపేస్తే రోడ్లు బాగుపడవు, అదీ చూశాం. హైదరాబాద్‌లో అదే ఏడాది అక్టోబర్‌లో ఆపరేషన్ రోప్ అని అడ్డదిడ్డం పార్కింగ్, ఆక్రమణల మీద మొదలుపెట్టారు. పెద్ద రోడ్ల మీద తేడా కనబడింది. కాలనీ లోపలి వీధుల దాకా ఇలాంటివి రావడం తక్కువ, అక్కడ ఫిర్యాదు ఉంటేనే కదలిక.

వానచినుకు అమ్మా, కారు విడిపించుకునేటప్పుడు అక్కడే, డబ్బు కట్టే ముందే, చుట్టూ వీడియో తీసి, దెబ్బ ఉందని రిజిస్టర్‌లో రాయించాలి. యార్డు గేటు దాటాక ఎవరూ ఒప్పుకోరు. ఓన్ డ్యామేజ్ (మన బండికి తగిలిన దెబ్బకి వర్తించే) ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిమ్‌కి కూడా ఆ రాత పనికొస్తుంది. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకూడదు.

పగటిచుక్క
ఫైన్ ఎంత ఉంటుంది అసలు?

సెక్షన్_సుబ్బు
అడ్డంగా పెట్టినందుకు సెక్షన్ 201 కింద 500 దాకా, 2019 సవరణ తర్వాత. పార్కింగ్ రూల్ మీరినందుకు సెక్షన్ 177 కింద మొదటిసారి 500, మళ్ళీ చేస్తే 1500 దాకా. ఇవి చట్టంలో గరిష్ఠం, రాష్ట్రాన్ని బట్టి చలానా మారుతుంది. టోయింగ్ ఛార్జీ దీనికి అదనం. 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దారికి అడ్డం కలిగించినందుకు సెక్షన్ 285 ఉంది, 5000 దాకా జరిమానా. పాత ఐపీసీలో ఇదే నేరానికి 200 మాత్రమే.

పాడుబడ్డ కారు ఓనర్‌కి అసలు భయం మాత్రం ఇన్సూరెన్స్. పబ్లిక్ రోడ్డు మీద బండి ఉంచాలంటే థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, ఉండాలి. లేకపోతే సెక్షన్ 196 కింద మొదటిసారి 2000, మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. "నడపడం లేదు కదా, ఇన్సూరెన్స్ ఎందుకు" అనేవాళ్ళు చాలామంది. ఆ కారు బ్రేక్ ఫెయిలై వాలులో జారి ఎవరి మీదకైనా వెళ్తే పరిహారం సొంత జేబులోంచి కట్టాలి.

తూనీగ
నడపని బండికి కూడా 196 వర్తిస్తుందా? ఆ సెక్షన్‌లో ఉన్నది "నడిపితే" అని కదా?

సెక్షన్_సుబ్బు
మంచి ప్రశ్న. 196లో ఉన్న మాట నడపడమే, కానీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసే సెక్షన్ 146లో ఉన్న మాట వాడకం. రోడ్డు మీద ఆగి ఉన్న బండిని కూడా వాడకం కిందే చూసిన కోర్టు తీర్పులు ఉన్నాయి, ముఖ్యంగా పరిహారం కేసుల్లో. పబ్లిక్ ప్లేస్‌లో ఉన్నంతవరకు ఇన్సూరెన్స్ ఉంచుకోవడమే క్షేమం. సొంత షెడ్డులో తాళం వేసుకుంటే అది వేరే కథ.

సెకండ్_గేర్
మా బావది గేటెడ్ కమ్యూనిటీ. అక్కడ అసోసియేషన్ వాళ్ళే క్లాంపులు కొని వేసేస్తున్నారు. తాళం తీయాలంటే వెయ్యి రూపాయలు. వాళ్ళకి ఏ సెక్షన్ వర్తిస్తుంది?

సెక్షన్_సుబ్బు
చట్టంలో పబ్లిక్ ప్లేస్ అంటే జనానికి వెళ్ళే హక్కు ఉన్న రోడ్డు, వీధి, దారి ఏదైనా. గేటు, సెక్యూరిటీ ఉండి బయటివాళ్ళని రానివ్వని రోడ్డయితే పోలీసు టోయింగ్ సెక్షన్ నేరుగా పట్టకపోవచ్చు. అక్కడ అసోసియేషన్ బైలాసే దిక్కు. అందరూ సంతకం పెట్టి ఒప్పుకున్న బైలాలో ఉంటే ఒక దారి, కమిటీ రాత్రికి రాత్రి తీర్మానం చేసి వెయ్యి గుంజితే ఇంకో దారి. రెండో దాన్ని ఎదిరించొచ్చు. అయితే చాలా లేఅవుట్లలో రోడ్లు ఎప్పుడో మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ (ఉచితంగా ఇచ్చేసే దస్తావేజు) రాసి ఇచ్చేసి ఉంటారు, తర్వాత గేటు పెట్టుకుంటారు. అప్పుడు ఆ రోడ్డు జనానిదే, క్లాంపు వేసే హక్కు వాళ్ళకి లేదు. బావగారిని ముందు ఆ డీడ్ చూడమనండి.

సెకండ్_గేర్
గిఫ్ట్ డీడ్ అనగానే బావ ఫోన్‌లో నవ్వాడు, వాళ్ళ కమిటీ సెక్రటరీ ఆ మాట ఎత్తితేనే మీటింగ్ ముగించేస్తాడట. అర్థమైంది.

ఇంకోటి, నాలుగో_అంతస్తు గారూ, ఆ రాళ్ళు తీసేస్తున్నా. కుండీలు మాత్రం గోడకి ఆనించి ఉంచుతా, తులసి ఉంది.

నాలుగో_అంతస్తు
తులసికి నా అభ్యంతరం లేదండీ.

మామిడితోట
అప్‌డేట్. కారుకీ అవతలి గోడకీ మధ్య ఎనిమిదడుగులు కూడా లేదు. టేప్ పట్టుకున్న ఫోటోతో, 127 రెండో భాగం రాసి ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. యాప్‌లో చూస్తే ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. పక్క వీధి కిరాణా ఆయనకి ఆ కారు ఓనర్ తెలుసట. పెద్దాయన చనిపోయారు, కొడుకు దుబాయ్‌లో. నంబర్ దొరికితే ఫోన్ చేశాం. అతను తిట్టలేదు, పైగా "నాన్న కారు, అమ్మబుద్ధి కాలేదు, ఏం చేయాలో తెలియదు" అన్నాడు. స్టేషన్ వాళ్ళు అతని మాట వినే దాకా ఆగుతామన్నారు. మేం ఆగాలా?

పగటిచుక్క
ఆగకండి. అతని బాధ అర్థమవుతుంది, కానీ అంబులెన్స్‌కి అర్థం కాదు.

తూనీగ
ఈ ఒక్కచోట నేను పగటిచుక్కతో ఒప్పుకోను. అతను దొరికాడు, మాట్లాడుతున్నాడు. క్రేన్ పంపి కారుని అతనెవరికైనా ఇచ్చే లోపు యార్డుకి లాగితే అక్కడ తుక్కయిపోతుంది. ఒక తేదీ పెట్టి రాతపూర్వకంగా ఒప్పించండి, వాట్సాప్ మెసేజ్ చాలు. అప్పటికీ తీయకపోతే అదే మెసేజ్ స్టేషన్‌లో ఇవ్వండి.

రిటైర్డ్_ట్రాఫిక్
తూనీగ చెప్పినట్టు చేయండి. పైగా యార్డుకి వెళ్ళి ఎవరూ రాకపోతే ఆ కారు కథ చాలా పెద్దది. ఎవరిదో చెప్పాలని ప్రకటన వేసి ఆరు నెలలు టైమ్ ఇచ్చి, ఆ తర్వాతే వేలం. ఆరు నెలలూ ఎండకి వానకి ఉంటుంది. కొడుక్కి ఆ సంగతి చెప్పండి, త్వరగా కదులుతాడు.

క్రేన్_హుక్
టైర్లు గాలి లేని బండిని అలాగే లాగితే రిమ్ము వంగుతుంది. ముందు నాలుగింటికీ గాలి పట్టించండి, పట్టకపోతే పాత స్టెప్నీలు బిగించండి. కుక్క పిల్లలేమైనా కింద ఉన్నాయేమో చూసుకుని కదపండి. ఫ్లాట్ బెడ్ అడగండి.

సెక్షన్_సుబ్బు
దుబాయ్ అబ్బాయికి రెండు దారులు. ఉంచుకోవాలంటే ఓనర్ పేరు మార్చాలి. ఓనర్ చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి, మూడు నెలల్లో ఫామ్ 31తో వారసుల పేరుకి మార్పు అడగాలి. గడువు దాటినా చేయించుకోవచ్చు, ఆలస్యానికి కట్టాల్సింది కట్టాలి. వద్దనుకుంటే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వాలి, ఈ కేంద్రాల రూల్స్ 2021లో వచ్చాయి. వాళ్ళు బండి అప్పగించినట్టు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. అది పెట్టి కొత్త సొంత బండి కొంటే టాక్స్‌లో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం నోటిఫై చేసింది, రాష్ట్రం ఎంత ఇస్తుందో ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. వీధి చివర పాత ఇనుము కొట్టుకి మాత్రం ఇవ్వకూడదు. ఆర్సీ రద్దు కాకుండా బండి మాయమైతే, రేపు ఆ నంబర్ ప్లేట్ ఏ నేరంలో తేలినా పోలీసులు వచ్చేది ఆర్సీలో పేరున్న ఇంటికే.

వానచినుకు
సుబ్బు గారూ, నాన్న కారు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అమ్మ పేరుకి మార్చాలంటే అన్నయ్య, నేను ఇద్దరం వెళ్ళాలా?

సెక్షన్_సుబ్బు
మిగతా వారసులు అభ్యంతరం లేదని ఇస్తే అమ్మగారి పేరుకి మారుస్తారు. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, ఆర్సీ, బతికి ఉన్న ఇన్సూరెన్స్, ఫామ్ 31. మీరిద్దరూ స్వయంగా రావాలా, అఫిడవిట్ చాలా అన్నది ఆఫీసుని బట్టి ఉంటుంది, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లోన్ ఉంటే బ్యాంక్ నుంచి ఎన్‌ఓసీ కూడా. అమ్మగారి పేరుకి మారాక ఆర్సీలో నామినీ పేరు తప్పకుండా పెట్టించండి, 2021 నుంచి ఆ వీలుంది.

మామిడితోట
ఈ జవాబు యథాతథంగా దుబాయ్‌కి పంపేశా. నెలాఖరులోపు స్క్రాప్‌కి ఇస్తానని రాసిచ్చాడు, అథరైజేషన్ లెటర్ వాళ్ళ బాబాయికి మెయిల్ చేస్తాడట. క్రేన్_హుక్ గారూ, ఫ్లాట్ బెడ్ మా వీధి మలుపులో తిరుగుతుందా?

క్రేన్_హుక్
పెద్దది తిరగదు. మలుపు దాకా మామూలు టోయింగ్ బండితో తెచ్చి, మెయిన్ రోడ్డు మీద ఎక్కించమనండి. పొద్దున ఆరింటికి ముందు అయితే స్కూల్ బస్సులు అడ్డం రావు.